పాట – విలువ – సందర్భం: బ్రిడ్జి ఆటలో చేతి అంచనా, వేలం వివేచన

వ్యాససంగ్రహం:
బ్రిడ్జి ఆటలో పదమూడు ముక్కల విలువను నిర్ణయించుకొని పాట పాడడం ప్రధానమైన నైపుణ్యం. ఆ విలువ ముక్కలలో స్థిరంగా ఉండదని, భాగస్వామి, ప్రత్యర్థులు పాడే పాటలను బట్టి మారుతుందని ఈ వ్యాసం సోదాహరణంగా వివరిస్తుంది. పాటను ఒక పరిమిత భాషగా గ్రహించి, మన అలంకారశాస్త్రంలోని వ్యంజనా చర్చ వెలుగులో పరిశీలిస్తుంది. దక్షిణ తెలంగాణలో పేకాట అంటే జూదమే అనే భావన బలంగా ఉంది. ఆ నేపథ్యంలో అదృష్టానికి, వివేచనకు మధ్యనున్న హద్దును కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: బ్రిడ్జి, వేలంపాట, తురుపు, చేతి అంచనా, వ్యంజన, కాకువు, నైపుణ్యం.

1. ఉపోద్ఘాతం:

నల్లగొండ బత్తాయి తోటకో, పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని కొల్లాపూర్ మామిడి తోటకో గుత్త మాట్లాడడానికి వచ్చిన వ్యాపారి మొదట చెట్లను లెక్కపెడతాడు. అయితే ఆ లెక్కతోనే ధర చెప్పడు. కాపు ఎట్లా ఉంది, బోరులో నీళ్లున్నాయా, కోతనాటికి మార్కెట్టు ఎట్లా ఉంటుంది అని విచారిస్తాడు. చెట్ల సంఖ్య మారదు, తోట విలువ మాత్రం మారుతుంది. బ్రిడ్జి ఆటగాడు తన చేతిలోని ముక్కలను చూసేది కూడా ఈ దృష్టితోనే.

ఈ ప్రాంతంలో పేకాట అనగానే పోలీసు దాడులు, కుదువపెట్టిన నగలు, అమ్ముకున్న పొలాలు గుర్తుకువస్తాయి. ఆ భయం నిరాధారం కాదు. కానీ పందెంతో సంబంధం లేకుండా తర్కం మీద, సంభావ్యత మీద, పరస్పర సంభాషణ మీద నిలిచిన ఒక ఆటను కూడా అదే పేరుతో దూరం పెట్టడం వల్ల, దాన్ని గురించిన ఆలోచన తెలుగులోకి రాకుండా పోయింది. ఆ లోటును కొంతైనా తీర్చడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పదజాల నేపథ్యం:

బ్రిడ్జిని తెలుగులో వివరించడానికి కావలసిన మాటలు చాలావరకు మన దగ్గరే ఉన్నాయి. ఆసు, రాజు, రాణి, జాకీ అందరికీ తెలిసినవే. రంగుల పేర్లలో కళావరు, ఆఠీను అనేవి డచ్చి భాషలోని ‘క్లావర్’, ‘హార్తెన్’ పదాలకు దగ్గరగా ఉన్నాయి. డచ్చి వర్తకులు 17వ శతాబ్దం తొలి సంవత్సరాలలోనే మచిలీపట్నంలో స్థావరం ఏర్పరచుకున్నారు. తీరం నుంచి వచ్చిన ఈ మాటలతో పాటు, నిజాం రాజ్యంలో భాగమైన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు హుకుం, పాన్, ఈంట్, చిడీ అనే ఉర్దూ పేర్లు కూడా పరిచితమైనవే.

వేలంలో ధర చెప్పడాన్ని తెలుగువారు ‘పాట పాడడం’ అంటారు. బ్రిడ్జిలో జరిగేది కూడా వేలమే కాబట్టి ఈ వ్యాసంలో ‘పాట’ అనే మాటనే స్వీకరిస్తున్నాను. నలుగురూ ఒక్కొక్క ముక్క వేసిన తరువాత ఆ నాలుగు ముక్కలను గెలుచుకోవడాన్ని ‘పట్టు’ అని వ్యవహరిస్తున్నాను.

3. ఆట స్వరూపం:

నలుగురు ఆటగాళ్లలో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు భాగస్వాములు. ఒక్కొక్కరికి 13 ముక్కలు, మొత్తం 13 పట్లు. ఆటకు ముందు వేలం జరుగుతుంది. పాటలోని అంకెకు ఆరు కలిపితే, గెలుస్తామని ఒప్పుకున్న పట్ల సంఖ్య వస్తుంది. ‘4 ఇస్పేట్లు’ అంటే ఇస్పేటు తురుపుగా పది పట్లు గెలుస్తామని మాట ఇవ్వడం. కళావరు, డైమను, ఆఠీను, ఇస్పేటు, తురుపు లేని ఆట అనే ఐదు విధాలలో 1 నుంచి 7 వరకు మొత్తం 35 పాటలు ఉన్నాయి. ఆఠీనులో గాని ఇస్పేటులో గాని పది పట్లకు, తురుపు లేకుండా తొమ్మిది పట్లకు, కళావరులో గాని డైమనులో గాని పదకొండు పట్లకు పాడి గెలిస్తే ‘గేమ్’ లభిస్తుంది. దానికి అదనపు బహుమానం ఉంటుంది. ఒప్పుకున్నన్ని పట్లు రాకపోతే నష్టం. ఈ ఆటకు నేటి గణన పద్ధతిని 1925లో అమెరికాకు చెందిన హెరాల్డ్ వాండర్‌బిల్ట్ రూపొందించాడు.

ఒక ఆటగాడికి రాగల చేతుల సంఖ్య 63,501 కోట్లకు పైమాటే. వాటిని వర్ణించడానికి 35 పాటలు, పాస్, డబుల్, రీడబుల్ కలిపి 38 పలుకులు మాత్రమే ఉన్నాయి. చెప్పవలసింది అపారం, చెప్పే సాధనం పరిమితం. వివేచన అవసరమయ్యేది ఇక్కడే.

4. అంకెల అంచనా – దాని పరిమితి:

ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 అనే లెక్కను మిల్టన్ వర్క్ ప్రచారంలోకి తెచ్చాడు. పేకలో మొత్తం 40 అంకెలు, ఒక చేతికి సగటున 10. సాధారణంగా 12 లేక 13 అంకెలుంటే పాట ప్రారంభిస్తారు. ఇద్దరి దగ్గర కలిపి 25, 26 అంకెలుంటే గేమ్‌కు వెళ్లవచ్చునన్నది సామాన్య సూత్రం.

ఈ లెక్క చెట్లు లెక్కపెట్టడం వంటిది. అది లేనిదే అంచనా మొదలు కాదు, కానీ దానితోనే పూర్తి కాదు. రంగుల పంపిణీని ఈ లెక్క పట్టించుకోదు. 4-4-3-2 పంపిణీ సుమారు 21.6 శాతం చేతులలోను, 5-3-3-2 సుమారు 15.5 శాతం చేతులలోను, 4-3-3-3 సుమారు 10.5 శాతం చేతులలోను వస్తాయి. సమానంగా పరచుకున్న చేతిలో అంకెల లెక్క చాలావరకు నిజమవుతుంది. ఒక రంగు పొడవుగా, మరొకటి పొట్టిగా ఉన్నప్పుడు అది తక్కువ చెబుతుంది. ఈ కారణంగానే చార్లెస్ గోరెన్ ప్రచారం చేసిన పద్ధతిలో పొట్టి రంగులకు కూడా విలువ చేరింది. భాగస్వామి రంగులో నాలుగు తురుపులున్నవారు ఒక రంగు అసలు లేకపోతే 5, ఒకే ముక్క ఉంటే 3, రెండు ముక్కలుంటే 1 కలుపుకుంటారు.

5. ఒకే చేయి – రెండు విలువలు:

ఈ చేతిని పరిశీలిద్దాం.

ఇస్పేటు: రాజు, 9, 7, 4
ఆఠీను: ఆసు, 8, 6, 3, 2
డైమను: 7
కళావరు: 9, 5, 3

ఇందులో ఉన్నవి 7 అంకెలే. భాగస్వామి ‘1 డైమను’ అని పాట ప్రారంభించాడనుకుందాం. అతనికి బలమున్న రంగులో మనకు ఉన్నది ఒకే ముక్క. ఇస్పేటు రాజు ఉపయోగపడుతుందో లేదో తెలియదు. ‘1 ఆఠీను’ అని పలికి, అతడు ‘2 డైమన్లు’ అంటే అక్కడితో ఆగడమే వివేకం. ఇక్కడ ఈ చేయి ఏడుకు మించి విలువ చేయదు.

అదే భాగస్వామి ‘1 ఇస్పేటు’ అన్నాడనుకుందాం. చేతిలో ఒక్క ముక్క కూడా మారలేదు. కానీ ఇస్పేటు రాజు ఇప్పుడు తురుపు రాజు. ఒంటరి డైమను ఇక లోపం కాదు, భాగస్వామి డైమన్లను తురుపుతో కోసే అవకాశం. కలుపుకోవలసిన 3 కలిపితే విలువ 10 అవుతుంది. అప్పుడు ‘3 ఇస్పేట్లు’ అని గేమ్‌కు ఆహ్వానించవచ్చు. భాగస్వామి చేయి ఇట్లా ఉందనుకుందాం.

ఇస్పేటు: ఆసు, రాణి, జాకీ, 6, 2
ఆఠీను: రాజు, 5
డైమను: ఆసు, 8, 6, 4
కళావరు: 8, 2

అతని అంకెలు 14. రెండు చేతులకు కలిపి 21 మాత్రమే. సామాన్య సూత్రం ప్రకారం గేమ్ దూరం. కానీ అతనికి ఐదు తురుపు పట్లు, ఆఠీనులో ఆసు, రాజు రెండు పట్లు, డైమను ఆసు ఒకటి, ఎదుటి చేతిలో రెండు డైమను కోతలు – మొత్తం పది. కళావరు నుంచి గరిష్ఠంగా రెండు పట్లు పోతాయి. 21 అంకెలతో ‘4 ఇస్పేట్లు’ నెరవేరే చేతులివి. అంకెలను మాత్రమే నమ్మినవారు ఇక్కడ గేమ్‌ను వదులుకుంటారు.

ప్రత్యర్థుల పాట కూడా విలువను మారుస్తుంది. మన దగ్గర రాజు, ఒక చిన్న ముక్క ఉన్న రంగును కుడివైపు ప్రత్యర్థి పాడితే, ఆసు అతని దగ్గర ఉండే అవకాశం ఎక్కువ. అతడు మనకంటే ముందు ముక్క వేయాలి కాబట్టి మన రాజు విలువ పెరుగుతుంది. అదే రంగును ఎడమవైపు ప్రత్యర్థి పాడితే అతడు మన తరువాత ఆడతాడు. అప్పుడు ఆ రాజు విలువ తగ్గుతుంది. లెక్కలో మాత్రం రెండుచోట్లా రాజుకు 3 అంకెలే.

6. పాట భాష – వాచ్యం, వ్యంగ్యం:

ప్రతి పాటకు రెండు అర్థాలుంటాయి. ‘2 ఇస్పేట్లు’ అన్నప్పుడు ఎనిమిది పట్లకు ఒప్పుకోవడం వాచ్యార్థం. చేతి బలాన్ని గురించి భాగస్వామి గ్రహించేది వ్యంగ్యార్థం. సాధారణ పద్ధతులలో ఆట మొదట్లోనే ‘2 ఇస్పేట్లు’ అంటే ఆరు ఇస్పేట్లున్న బలహీనమైన చేయి. భాగస్వామి ‘1 ఇస్పేటు’కు బదులుగా అదే మాట అంటే ఆ రంగుకు మద్దతుతో కూడిన పరిమిత బలం. ‘పాస్’ అనే మౌనం కూడా సమాచారమే. భాగస్వామి పాట ప్రారంభించాక పాస్ అంటే సాధారణంగా ఆరు అంకెలైనా లేవని అర్థం.

మమ్మటుడు కావ్యప్రకాశంలో వ్యంజనకు తోడ్పడే అంశాలలో వక్త, శ్రోత, కాకువు, ప్రస్తావం, దేశకాలాల వంటివాటిని పేర్కొన్నాడు. బ్రిడ్జి పాటలో వీటిలో చాలావాటికి స్థానముంది. ఎవరు పలికారు, ఎవరికి, ఏ పాట తరువాత అన్నదే అర్థాన్ని నిర్ణయిస్తుంది. కాకువుకు మాత్రం ఇక్కడ చోటు లేదు. గొంతు మార్చి, తటపటాయించి, ముఖకవళికలతో భాగస్వామికి సంకేతమివ్వడాన్ని ఆట నియమాలు నిషేధిస్తాయి. పోటీలలో నోటితో పలకకుండా ముద్రించిన పాట చీటీలను బల్లపై పెట్టడానికి ఇదొక కారణం. భాగస్వాముల మధ్య రహస్య ఒప్పందాలు కూడా ఉండరాదు. ఒక పాటకు వారు ఏ అర్థం చెప్పుకున్నారో తెలుసుకునే హక్కు ప్రత్యర్థులకుంది. కాకువు తొలగిన, అర్థం అందరికీ తెరిచి ఉంచిన భాష ఇది.

7. అదృష్టం, నైపుణ్యం – హద్దు:

ఆట నైపుణ్యానిదా, అదృష్టానిదా అన్న చర్చ మన ప్రాంతంలో న్యాయస్థానం దాకా వెళ్లింది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడినవారిపై 1305 ఫసలీ నాటి హైదరాబాదు జూద చట్టం కింద నడిచిన కేసులో సుప్రీంకోర్టు 1967లో తీర్పు ఇచ్చింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు కూడా ఆ హైదరాబాదు రాజ్యంలోనివే. రమ్మీ మూడు ముక్కలాట వలె కేవలం అదృష్టంపై ఆధారపడింది కాదని, పడిన ముక్కలను గుర్తుంచుకోవడంలో, ఉంచుకోవడంలో, వదలడంలో నైపుణ్యం ఉందని కోర్టు భావించింది. రమ్మీలోని అదృష్టం బ్రిడ్జి పంపకంలోని అదృష్టం వంటిదేనని చెబుతూ బ్రిడ్జినే కొలమానంగా తీసుకుంది. మరోవైపు, ఆట నుంచి నిర్వాహకులు లాభం గడించినా, వేరే రూపంలో జూదం జరిగినా నేరం కావచ్చునని హెచ్చరించింది. 2017లో తెలంగాణ తన గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బుతో ఆడే రమ్మీని, ఆన్‌లైన్ పందేలను నిషేధ పరిధిలోకి తెచ్చింది.

దీన్ని బట్టి ఒక విషయం స్పష్టమవుతుంది. ఆటలో నైపుణ్యం ఉన్నంత మాత్రాన పందెం వల్ల కలిగే నష్టం తగ్గదు. పొలం పోగొట్టుకున్న ఇంటికి, పోయింది నైపుణ్యపు ఆటలోనా, అదృష్టపు ఆటలోనా అన్న వివరం ఊరట కాదు. బ్రిడ్జి తన గౌరవాన్ని నిలుపుకున్నది పందెం ద్వారా కాదు, పోలిక ద్వారా. డూప్లికేట్ పద్ధతిలో ఒకే పంపకాన్ని అనేక బల్లల దగ్గర ఆడిస్తారు. ఒకే ముక్కలతో ఇతర జంటల కంటే ఎవరు బాగా పాడారు, ఎవరు బాగా ఆడారు అన్నదే ఫలితం. మంచి ముక్కలు వచ్చాయన్న గర్వానికి, చెడ్డవి వచ్చాయన్న సాకుకు అక్కడ తావు చాలా తక్కువ. 2018 జకార్తా ఆసియా క్రీడలలో ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ పురుషుల జంటల విభాగంలో భారతదేశానికి స్వర్ణం సాధించినది ఈ ఆటలోనే.

8. ముగింపు:

• బ్రిడ్జిలో అంకెల లెక్క అంచనాకు ఆరంభం మాత్రమే. రంగుల పంపిణీ, భాగస్వామి రంగుతో పొత్తు, ప్రత్యర్థుల స్థానం విలువను పెంచుతాయి, తగ్గిస్తాయి.
• ముక్కలు మారకుండానే విలువ మారుతుంది కాబట్టి, ప్రతి పాట విన్న తరువాత చేతిని మళ్లీ అంచనా వేసుకోవడమే వివేచన.
• పాట ఒక పరిమిత భాష. సందర్భాన్ని బట్టి అర్థాన్ని గ్రహించే వ్యంజనా దృష్టి దాని వివరణకు ఉపకరిస్తుంది.
• పంపకం వరకే అదృష్టం. ఆ అదృష్టాన్ని కూడా డూప్లికేట్ పద్ధతి చాలావరకు సమం చేస్తుంది. పందెం ఈ ఆటకు అవసరమైన అంగం కాదు.
• నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం పరిధిలోని తెలుగు, గణిత శాఖలు కలిసి ఇటువంటి ఆటలకు తెలుగు పదజాలాన్ని రూపొందిస్తే, సంభావ్యతను, అర్థ నిర్ణయాన్ని బోధించడానికి మంచి సామగ్రి సమకూరుతుంది. జూదానికి, వివేచనకు ఉన్న తేడాను విద్యార్థికి అతని భాషలోనే చెప్పగలిగినప్పుడు, పందెం బల్ల దగ్గర తనకు వచ్చిన ముక్కలను కాక తాను ఒడ్డుతున్నదాని విలువను అంచనా వేసుకునే అవకాశం అతనికి కలుగుతుంది.