బ్లిట్జ్‌లో రేటింగ్ పెరగట్లేదా? ఓడిన గేమ్ తెరవండి

మన వరంగల్‌లో పుట్టిన ఇరిగేశి అర్జున్ 2018లో, 14 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2024 డిసెంబర్‌లో క్లాసికల్ రేటింగ్ 2801. ఇలాంటి ప్లేయర్లు బ్లిట్జ్‌లో అంత ఫాస్ట్‌గా ఎలా ఆడతారు? ప్రతి ఎత్తూ కొత్తగా లెక్కపెట్టరు. చూసిన ప్యాటర్న్‌ని గుర్తుపడతారు.

చాలామంది ఓడగానే కోపంగా రీమ్యాచ్ నొక్కేస్తారు. రేటింగ్ ఇంకా పడిపోతుంది. అందుకే వరసగా రెండు ఓడితే ఆపేయండి.

ఓడిన గేమ్ తెరిచి, ఆట ఎక్కడ తిరగబడిందో ముందు మీరే వెతకండి. ఇంజిన్ తర్వాతే. ఫోర్క్ మిస్సయ్యారా? ఆ రోజు ఫోర్క్ పజిల్స్ పది చేయండి. టైమ్ అయిపోయి ఓడారా? 3+2 ఆడండి, ఎత్తుకి 2 సెకన్లు కలుస్తాయి.

ఇరవై గేమ్‌లు ఆడేసే బదులు, ఐదు ఆడి ఐదూ చూడండి.