తెలిసిన దారే గదా!

కొత్త ఊరికి ప్రయాణమంటే మన ఇళ్ళలో ఎంత హడావుడి! కాశీకో కేదారానికో వెళ్ళేవారు నెల ముందే మందులు, ఉన్ని బట్టలు, గుర్తింపు కార్డుల నకళ్ళు అన్నీ సర్దుకొంటారు. అదే ఆసిఫాబాదు వైపు పెండ్లి అనేసరికి చెప్పులు తొడుక్కొని బండి ఎక్కేస్తాము. మన వాళ్ళ ఊరే గదా, తెలిసిన దారే గదా అని ధైర్యం. మేమూ అట్లాగే బయలుదేరాము. జరిగినది చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉన్నది. అయినా చెప్పుతున్నాము. ఈ పుటలు చదివే కుటుంబాలలో ఏడాదికి ఒకసారైనా లక్కడ్‌కోట్ మీదుగా పోయి వచ్చేవారు చాలామంది ఉన్నారు గదా!

లక్కడ్‌కోట్ సంగతి మన పెద్దలకు చెప్పనక్కరలేదు. బల్లార్‌పూర్ నుంచి వర్ధా నది దాటి, రాజురా మీదుగా దక్షిణంగా పోతే మహారాష్ట్రం ముగిసేచోట ఉన్న ఊరు అది. లారీల వారికి చాలాకాలంగా తనిఖీ నాకా పేరుగానే పరిచయం. దాటగానే తెలంగాణ, వాంకిడి, ఆ తరువాత ఆసిఫాబాదు. ఒకప్పుడు ఇక్కడ సరిహద్దే లేదు. రాజురా తాలూకా నైజాము రాజ్యంలోని ఆదిలాబాదు జిల్లాలోది. 1956 నవంబరు 1న రాష్ట్రాలు మారినప్పుడు అది బొంబాయి రాష్ట్రానికి పోయింది, 1960లో మహారాష్ట్రంలో చేరింది. అందుచేతనే నాకాకు ఇటూ అటూ తెలుగు, మరాఠీ, గోండి మూడూ వినిపిస్తాయి. మన తాతలకు ఇది ఇంటి వాకిలి వంటి దారి. మన మనుమలకు మాత్రం ఇది కొత్త దేశమే. మాట తెలుగే గాని, అక్షరం తెలియదు. అవతల బస్సు బోర్డు తెలుగులో ఉంటే బడిలో మరాఠీయో ఇంగ్లీషో చదివే పిల్లవాడు దాని వైపు చూచి ఊరకుంటాడు. ఈ మాట మాకు ఆనాటి వరకు తట్టలేదు.

అది ఫాల్గుణ మాసం, గురువారం. ఒంటిగంటకు బయలుదేరవలసినది. ఒకటిన్నర నుంచి రాహుకాలమన్నారు. అది పోయేదాకా ఆగాము. తరువాత చీరెల పెట్టె తాళం చెవి కనబడలేదు. మొత్తానికి నాలుగు దాటిన తరువాత రెండు జీపులు కదిలాయి. రాహుకాలం తప్పించుకొని చీకటిని ఎదురుకోవడానికి పోతున్నామన్న సంగతి ఒక్కరికీ తోచలేదు!

లక్కడ్‌కోట్ చేరేసరికి మునిమాపు వేళ. చాయ కోసం ఆగాము. ముందు బండిలో ఆడవారు, వెనుక బండిలో మేము, సామాను. పిల్లలు ఇష్టం వచ్చినట్లు బండ్లు మారుతున్నారు. మళ్ళీ బయలుదేరేటప్పుడు పెట్టెలు లెక్క చూచుకొన్నాము, పదకొండు. సరిపోయాయి. మనుషులను లెక్కపెట్టలేదు.

వాంకిడిలో పూలకోసం ఆగినప్పుడు మా మరదలు వచ్చి, "చిన్నోడు నిద్రపోయినాడా?" అన్నది. మాకు అర్థం కాలేదు. "వాడు మీ బండిలో గదా!" అన్నాము. "లేదు బావా, మీ దగ్గర అనుకొన్న" అన్నది. మా తమ్ముని మనుమడు, తొమ్మిదేండ్ల వాడు, రెండు బండ్లలోనూ లేడు. ఆ నిమిషం ఎట్లా ఉన్నదో వ్రాయము. చదివేవారే ఊహించుకోవచ్చు. అప్పుడు మేము చేసిన మొదటి పని ఏమిటంటే, ఒకరినొకరు తిట్టుకోవడం. రెండవది, ఫోను తీసి ఎవరికి చేయాలో తెలియక చేతిలో పట్టుకొని నిలుచోవడం.

పిల్లవాడి సంగతి తరువాత తెలిసింది. వాడు దుకాణం వెనుక కుక్కపిల్లను చూడబోయినాడు. తిరిగి వచ్చేసరికి బండ్లు లేవు. రోడ్డు ఒక్కటే గదా, నడిస్తే దొరుకుతారని జీపులు పోయిన దిక్కుకు నాలుగు అడుగులు వేశాడట. చాయ దుకాణం ఆమె చూచి, పరుగున పోయి చెయ్యి పట్టుకొని, "యాడికి పోతవు బిడ్డా? అటు పెద్దపులి తిరుగుతది" అని వెనుకకు తెచ్చింది.

ఆమె అన్నది పిల్లవాణ్ణి బెదరించే మాట కాదు. ఆ దారికి రెండు వైపులా ఉన్న అడవి తాడోబా పులులు కవ్వాల వైపు పోయే మార్గం. 2020లో రాజురా ప్రాంతంలో పలువురి ప్రాణాలు తీసిన పులిని ఆ ఏడు అక్టోబరులో అటవీశాఖ వారు పట్టుకొన్నారు. 2024 నవంబరు చివర కాగజ్‌నగర్ మండలంలో పత్తి ఏరుతున్న ఒక యువతి పులి వాత బడి చనిపోయింది. సాయంకాలము, తెల్లవారుజాము వాటి సంచారవేళలు. మరి మనమేమో సరిగా ఆ వేళకే బండి ఆపి, "ఇప్పుడే వస్తా"నని చెట్ల చాటుకు పోతాము. వంగి కూర్చున్న మనిషి పులి కంటికి మనిషిగా కాక ఏదో జంతువుగా కనబడే ప్రమాదం ఉన్నదని అడవివారు చెప్పుతారు. ఊరిలోనో, పెట్రోలు బంకులోనో ఆగండి. సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

ఆమె పిల్లవాణ్ణి బల్లమీద కూర్చోబెట్టి అమ్మ ఫోను నంబరు అడిగింది. వానికి తెలియదు! ఇంట్లో ఫోను మీద "అమ్మ" అని నొక్కితే అమ్మ పలుకుతుంది, ఇక అంకెలతో వానికేం పని? నాయన నంబరు తెలియదు. పెండ్లి ఎవరింట్లోనో తెలియదు. "మీ ఇంటిపేరేంది బిడ్డా?" అని అడిగిందట. అది చెప్పాడు. కాని ఇంటిపేరుతో ఫోను మోగదు గదా! చివరకు ఆమె ఒక ఉపాయం చేసింది. వాంకిడి వైపు పోయే ప్రతి బండినీ ఆపి, బంతిపూల దండలు కట్టిన రెండు జీపులు కనిపిస్తే పిల్లవాడు ఇక్కడ ఉన్నాడని చెప్పమన్నది. మేము వాంకిడిలో తగవులాడుకొంటూ ఉండగా ఒక లారీ పక్కన ఆగి, డ్రైవరు తల బయటకు పెట్టి, హిందీలో "పిల్లవాణ్ణి మరిచిపోయిన వాళ్ళు మీరేనా?" అని అడిగినాడు. అంతకంటె మర్యాదగా మమ్మల్ని ఎవరూ ఎన్నడూ తిట్టలేదు.

వెనుకకు వచ్చేసరికి వాడు బిస్కట్లు తింటున్నాడు. ఏడ్చింది మేమే.

ఆ రాత్రి పెండ్లివారింట్లో ఒక పెద్దమనిషి, పోలీసు శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవారు, మమ్మల్ని కూర్చోబెట్టి కొన్ని సంగతులు చెప్పారు. ఆపద వచ్చినప్పుడు దేశమంతటా 112 ఒక్కటే నంబరు, అంబులెన్సుకు రెండు రాష్ట్రాలలోనూ 108. అయితే సరిహద్దులో ఒక చిక్కు ఉన్నది. ఫోను ఏ రాష్ట్రపు టవరును పట్టుకొంటే ఆ రాష్ట్రపు వారే పలుకవచ్చు. మనం మహారాష్ట్రంలో నిలబడి తెలంగాణ వారితో మాట్లాడుతూ ఉండవచ్చు. కనుక ముందుగా రాష్ట్రం పేరు, ఊరి పేరు, తాలూకాయో మండలమో, దగ్గరి కిలోమీటరు రాతి మీది అంకె చెప్పాలి. "లక్కడ్‌కోట్ దాటి కొంచెం దూరం" అంటే వినేవారికి ఏమి తెలుస్తుంది? జాతీయ రహదారి మీద బండి చెడిపోతే 1033కు చేయవచ్చు.

ఇంకొక మాట కూడా అన్నారు. దారిలో ఎవరైనా దెబ్బతిని పడివుంటే మన వాళ్ళు కేసు భయంతో చూచీచూడనట్లు పోతారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం సాయపడినవారికి రక్షణ ఇచ్చింది. పేరు చెప్పమని కూడా బలవంతపెట్టరాదు. 2025 మే నెల నుంచి రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి, పథకంలో చేరిన ఆసుపత్రులలో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా డబ్బు కట్టకుండా వైద్యం జరిగే ఏర్పాటు ఉన్నది. ఇది మన పత్రిక పాఠకులలో ఎందరికి తెలుసునో? మాకు తెలియదు, ఆయన చెప్పేదాకా.

ఇప్పుడు మా ఇంటి పద్ధతి మారింది. కొత్తదేమీ కనిపెట్టలేదు. జాతరకు పోయేటప్పుడు మా అమ్మ పిల్లల లాగు జేబులో పేరు, ఊరు వ్రాసిన చీటీ పెట్టేది. మేము ఆ చీటీలో ఇద్దరి ఫోను నంబర్లు చేర్చాము, అంతే. బయలుదేరే ముందు పిల్లలకు ఆనాటి బట్టలతో ఒక ఫోటో తీస్తాము. ఏ పిల్లవాడు ఏ బండిలోనో ఆ బండి పెద్దకు అప్పగిస్తాము. చేరవలసిన ఇంటివారికి ఎన్ని గంటలకు బయలుదేరామో చెప్పుతాము. ముసలివారి మందులు డిక్కీలోని పెట్టెలో గాక వారి చేతిసంచిలోనే ఉంటాయి, మందు అసలు పేరు వ్రాసిన కాగితంతో సహా. వేసవి పెండ్లిండ్లకైతే మంచినీళ్ళు, ఓఆర్ఎస్ పొట్లాలు తప్పవు. చంద్రపూరు ఎండ సంగతి మీకు మేము చెప్పాలా! ఆగిన బండిలో పిల్లలను నిద్రపుచ్చి దిగిపోవడం మాత్రం ఎండాకాలంలో ఒక్క నిమిషమైనా వద్దు. ఇక రాహుకాలం విషయంలో ఇంట్లో ఇంకా రాజీ కుదరలేదు. అది రాకముందే బయలుదేరాలని మేము, అది పోయిన తరువాతనే అని మా వదిన.

పెండ్లి అయి తిరిగి వచ్చేటప్పుడు, పట్టపగలే, లక్కడ్‌కోట్‌లో ఆగాము. మా మరదలు ఆ చాయ దుకాణం ఆమెకు చీరె పెట్టబోయింది. ఆమె పుచ్చుకోలేదు. లడ్లు మాత్రం తీసుకొన్నది. పిల్లవాడు ముందుకు వచ్చి, చేతులు కట్టుకొని, బడిలో ఎక్కం అప్పగించినట్లు అమ్మ నంబరు పది అంకెలూ చెప్పినాడు. ఆమె విని, "నాయనది?" అని అడిగింది.