పలకల నీడన గొర్రెలకూ చోటుందా?

మా మేనత్తది పావగడ తాలూకా. పేరుకు కర్ణాటకే గానీ, మా అనంతపురాన్ని ఆనుకునే వుంటుంది. చాలా ఇళ్ళల్లో మాటలు తెలుగే. చిన్నప్పుడు సెలవులకు వెళితే ఊరి చుట్టూ చెనిక్కాయ చేలు, వాటి మధ్య బీళ్ళు, బీళ్ళ నిండా గొర్రెలు. చాలా ఏళ్ళ తర్వాత మొన్న సంక్రాంతికి వెళ్ళాను. బస్సు దిగి చూద్దును కదా, కనుచూపుమేర నీలంగా మెరుస్తోంది!

"చెరువనుకున్నావా పాపా? మాకంత అదృష్టమా! అవి కరెంటు పలకలు" అని నవ్వింది అత్త.

అక్కడి సోలార్ పార్కు సామర్థ్యం 2,050 మెగావాట్లు. ఐదు ఊళ్ళ పొలాల్లో దాదాపు 13 వేల ఎకరాల్లో విస్తరించింది. 2018లో మొదటి దశ, 2019 చివరికల్లా మిగతాదీ పూర్తయ్యాయి. అన్నిటికంటే నాకు నచ్చిన సంగతేమిటంటే, రైతుల భూమిని కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలతో మొదలుపెట్టి, రెండేళ్ళకోసారి 5 శాతం పెంచేలా ఒప్పందం. పొలం రైతు పేరు మీదే వుంటుంది.

"వానను నమ్ముకుంటే అప్పులే మిగిల్నాయి. ఇప్పుడు ఎండను నమ్ముకున్నాం" అంది అత్త. ఆమె ముఖంలో నిశ్చింత చూసి సంతోషించాను.

సాయంత్రం ఒకామె వచ్చి అరుగు మీద కూర్చుంది. ఒకప్పుడు అత్తావాళ్ళ చేలో కలుపు తీసినామే. సెంటు భూమి లేదు. భూమి లేకపోతే కౌలెక్కడిది? చేను లేకపోతే కలుపెక్కడిది? "నాలుగు గొర్రెలుండాయి తల్లీ. మేపేదానికి బీడు లేదు. ఆ పలకల కింద గడ్డి మొలస్తాది కదా, కంచె లోపలికి మమ్మల్ని రానిస్తే ఏం పోతాది?" అని అడిగింది. జవాబు చెప్పలేక ఊరుకున్నాను.

ఇంటికొచ్చాక కాస్త చదివితే తెలిసింది, ఆమె అడిగింది అమాయకపు మాటేం కాదు! బ్రిటన్‌లో సోలార్ పొలాల్లో గొర్రెల్ని మేపడం మామూలే. పలకల మీద నీడ పడకుండా గడ్డిని ఎలాగూ కోయించాలి. ఆ పని గొర్రెలు చేసిపెడతాయి. ఎండలో వాటికి నీడా దొరుకుతుంది. నీడ పట్టున నేలలో తడి తొందరగా ఆరిపోదు. మేకల్ని మాత్రం రానివ్వరు, అవి పైకెక్కుతాయి, తీగలు కొరుకుతాయి. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో 2016లో ఒక చట్టం తెచ్చారు. పలకల మధ్య పూలమొక్కలు పెంచి తేనెటీగలకు, సీతాకోకచిలుకలకు ఆశ్రయమిచ్చే సోలార్ పొలాలకు అందులో ప్రమాణాలు పెట్టారు. అంత దూరం ఎందుకు, మన కొచ్చి విమానాశ్రయంలో పలకల మధ్య కూరగాయలు పండిస్తున్నారు.

ఇంకో సంగతి. కాగితాల్లో "బంజరు" అని రాసినంత మాత్రాన అది పనికిరాని నేల కాదు. ఉమ్మడి కర్నూలు జిల్లాలో గని, శకునాల ఊళ్ళ దగ్గర 2017లో వెయ్యి మెగావాట్ల పార్కు వచ్చింది. అదే జిల్లాలోని రోళ్ళపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం ఏర్పాటు చేశారు. ఆ పిట్ట గుడ్డు పెట్టేది అలాంటి గడ్డినేలల్లోనే. కృష్ణజింకలు, నక్కలు తిరిగేదీ అక్కడే. బట్టమేక పిట్టకు ఎదురుగా చూపు తక్కువ, బరువెక్కువ. ఎగురుతూ కరెంటు తీగ దగ్గరికొచ్చేదాకా గమనించదు, గమనించినా తప్పుకోలేదు. దేశం మొత్తమ్మీద ఆ పక్షులు రెండు వందలలోపే మిగిలాయి. అందుకే పార్కు ఎక్కడ పెట్టాలి, తీగలు ఎటు లాగాలి, ఏవి భూమిలో వేయాలి అన్నది ముందే ఆలోచించుకోవాలి. కంచె వేశాక ఏం లాభం?

మీ పుట్టింటి పొలమో, అత్తింటి పొలమో సోలార్‌కు అడిగే రోజు రావచ్చు. సంతకం పెట్టేముందు ఈ ప్రశ్నలు అడగండి.

కౌలు ఎన్నేళ్ళు, ఎంత పెంపు? డబ్బు ఇంటాయన ఖాతాలోనా, ఇద్దరి పేరునా? గడువు తీరాక పలకలు, దిమ్మెలు తీసి నేల ఎవరు బాగుచేస్తారు? పలకలు తుడవడం, గడ్డి కోయడం లాంటి పనులు భూమిలేని ఆడవాళ్ళకు ముందు ఇస్తారా? తుడిచే నీళ్ళు ఎక్కణ్ణించి తెస్తారు, ఊరి బోర్ల నుంచేనా? గొర్రెలు దూరేంత ఎత్తున పలకలు బిగిస్తారా? కుందేలు, ఉడుము దాటేలా కంచె కింద సందు వదులుతారా? గడ్డికి మందు కొట్టకుండా వుంటారా?

పెద్ద పార్కులే కానక్కర్లేదు. 2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకంలో 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా ప్లాంట్లు పెట్టుకునేందుకు రైతులకు, సహకార సంఘాలకు, పంచాయతీలకు కూడా వీలు కల్పించారు.

ఎండ అందరిదీ. దాని ఫలం పట్టాదారు పాసుపుస్తకం వున్నవాళ్ళకే దక్కితే ఎలా? ఈసారి వెళ్ళినప్పుడు అరుగు మీది ఆమెకు జవాబు చెప్పాలి. అత్తతో అప్పుడే అన్నాను, ఊళ్ళో గ్రామసభ పెట్టినప్పుడు ముందు ఆమె చేతే మాట్లాడించమని.