లెక్కకు రాని పరుగులు

యర్రాజి జ్యోతి అనగానే అందరికీ పతకాలు గుర్తొస్తాయి. విజయనగరం జిల్లాలో డ్రిల్లు టీచరుగా పిల్లల్ని పరిగెత్తించే నాకు మాత్రం ముందుగా గుర్తొచ్చేవి ఆమె ఖాతాలో పడకుండా పోయిన పరుగులు.

జ్యోతిది మా పక్కనున్న విశాఖపట్నం. 1999లో పుట్టింది. నాన్న సెక్యూరిటీ గార్డు. అమ్మ ఇళ్లలో పని చేసేది, ఆసుపత్రిలోనూ ఊడ్చి తుడిచేది. పోర్టు హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుల చూపు ఈ పిల్ల పొడుగు మీద పడింది. "ఇంత పొడుగైపోతోంది, రేపు సంబంధాలెలా దొరుకుతాయి టీచరమ్మా" అని మా వైపు తల్లులు దిగులుపడే పొడుగే అది! వంద మీటర్ల హర్డిల్స్‌లో అదే వరం. దాటాల్సినవి పది. ఒక్కొక్కటి దాదాపు 84 సెంటీమీటర్ల ఎత్తు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఎనిమిదిన్నర మీటర్లు, అందులో పడాల్సినవి మూడే అడుగులు. గెంతితే టైము పోతుంది. పరుగు తెగకుండానే కాలు అవతల పడాలి.

2015లో అంతర్ జిల్లా పోటీల్లో బంగారు పతకం. ఆపైన హైదరాబాద్‌లో నాగపురి రమేశ్ దగ్గర, తర్వాత గుంటూరులో, 2019 నుంచి భువనేశ్వర్‌లో జేమ్స్ హిల్లియర్ దగ్గర శిక్షణ.

అప్పటికి జాతీయ రికార్డు 13.38 సెకన్లు. 2002 నుంచి అనురాధా బిస్వాల్ పేరు మీదే ఉంది. 2020 జనవరిలో మూడబిద్రిలో జరిగిన అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో జ్యోతి 13.03లో పూర్తి చేసింది. రికార్డుగా ఒప్పుకోలేదు. డోపింగ్ పరీక్ష జరగలేదన్నారు. పరీక్ష పెట్టించడం పరిగెత్తే పిల్ల పనా? నాకు ఇప్పటికీ మండుతుంది.

2022లో కోళికోడ్‌లో 13.09. ఈసారి గాలి అడ్డొచ్చింది. వెనక నుంచి వీచే గాలి సెకనుకు 2 మీటర్లు దాటితే గెలుపు గెలుపే గానీ, ఆ టైము రికార్డుకి పనికిరాదు. ఆ రోజు గాలి 2.1. ఈ నియమం న్యాయమైనదే, కాదనను. మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 పరిగెత్తితే, అంతకుముందు రెండింటికన్నా నెమ్మదైన ఆ పరుగు రికార్డయింది. అక్టోబరులో జాతీయ క్రీడల్లో 12.79 తీస్తే మళ్లీ గాలి ఎక్కువైంది. అదే నెల బెంగళూరులో 12.82 తీసి, 13 సెకన్ల లోపు నికరంగా పరిగెత్తిన తొలి భారతీయురాలైంది.

2023లో బ్యాంకాక్‌లో, 2025లో దక్షిణ కొరియాలోని గుమిలో ఆసియా ఛాంపియన్‌షిప్ స్వర్ణాలు. మధ్యలో పారిస్ ఒలింపిక్స్. గుమి తర్వాత మోకాలికి శస్త్రచికిత్స.

మా ఆడపిల్లలకు నేను చూపించేది 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల వీడియో. చైనా అమ్మాయి వు యన్నీ తుపాకీ పేలకముందే కదిలింది. తీరా జ్యోతినీ తప్పించబోయారు. జ్యోతి ఊరుకోలేదు, అధికారులతో వాదించింది. వాళ్లు వీడియో మళ్లీ చూసి ఇద్దరినీ పరిగెత్తనిచ్చారు. జ్యోతి మూడోదిగా వచ్చింది. తర్వాత వు యన్నీ మీద వేటు పడి, 12.91తో జ్యోతికి రజతం దక్కింది. రేసుకన్నా ముందు ఆ వాదన జరిగిన నిమిషాలనే మా పిల్లలకు రెండోసారి వేసి చూపిస్తాను.