బండి మనదే... పగ్గాలెవరివి?



ఈ వేళ నేను మాట్లాడబోయేది కార్ల గురించి. "కార్ల సంగతి మనకెందుకమ్మా, అది మగవాళ్ళ వ్యవహారం కదా" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోకండి. కారు వాయిదా కట్టడానికి మిగిల్చేది ఇంటి ఖర్చులోంచే. ఆ కారో, మోటారు సైకిలో తీసుకుని కుర్రాడు బయటికి వెళితే, వచ్చేదాకా వీధి గుమ్మం వైపు చూస్తూ కూర్చునేదీ మనమే. అంచేత ఈ విషయం మనకి తెలిసి ఉండడం మంచిది.

మాది కొత్తవలస. విశాఖపట్నం నుంచి అరకు వెళ్ళే రోడ్డూ, రైలూ రెండూ మా ఊరి మీదుగానే పోతాయి. ఆదివారం పొద్దున్న వాకిట్లో ముగ్గు వేస్తూ ఉంటే, అరకు షికారుకి బయల్దేరిన బండ్ల చప్పుడుకి చెవులు చిల్లులు పడతాయి. కంపెనీ అమర్చిన సైలెన్సరు ఊడబీకి, మోత ఎక్కువ చేసేది బిగించుకున్న బండ్లు కొన్ని. వెడల్పాటి టైర్లు వేయించుకుని, ఇంజను బలం పెంచుకున్న కార్లు కొన్ని. అడిగితే కుర్రాళ్ళు ఏమంటారు? "నా డబ్బు పెట్టి కొనుక్కున్నాను, నా ఇష్టం వచ్చినట్టు మార్చుకుంటాను. ఎవరేటంటారు?" అంటారు.

మాట పైకి సబబుగానే ఉంది. మనం జాకెట్టు వదులైతే కుట్టు వేయించుకుంటాం. కాలితో తొక్కే కుట్టు మిషనుకి మోటారు బిగించుకుంటాం. ఎవరినైనా అడుగుతున్నామా? మరి కారు దగ్గరికి వచ్చేసరికి కంపెనీ వద్దంటుంది, చట్టమూ వద్దంటుంది. ఎందుకని? అందులో ఎంత న్యాయం, ఎంత పెత్తనం? అదే ఇప్పుడు చూద్దాం.

ఇప్పటి కార్లలో ఇంజనుకి ఎంత పెట్రోలు పోవాలి, ఏ క్షణంలో నిప్పురవ్వ పుట్టాలి అన్నది నిర్ణయించేది లోపల ఉండే ఒక చిన్న కంప్యూటరు. దాన్ని ఇ.సి.యు. అంటారు. ఇంజను ఎంత శక్తి ఇవ్వగలదో అంతా కంపెనీ బయటికి రానివ్వదు, కొంత చేతిలో ఉంచుకుంటుంది. మండుటెండల్లో నడవాలి, నాసి పెట్రోలు పోసినా నడవాలి, పదేళ్ళు మన్నాలి కదా! ఆ కంప్యూటరులోని లెక్కలు మార్పించి, ఆ మిగిలిన బలం కూడా బయటికి లాగడాన్ని "రీమ్యాప్" అంటారు. వేగం కోసమే తయారైన ఖరీదైన కార్లకి ఈ ముచ్చట మరీ ఎక్కువ.

ఇందులో ప్రమాదం ఏమిటో మన ప్రెషర్ కుక్కరు చూస్తే తెలిసిపోతుంది. మూత మీద వెయిటు ఉంటుంది. పప్పు త్వరగా ఉడకాలని ఆ వెయిటు మీద ఇంకో బరువు పెట్టామనుకోండి. పప్పు త్వరగానే ఉడుకుతుంది. కానీ కుక్కరు గోడలు, రబ్బరు, సేఫ్టీ వాల్వు అన్నీ మొదటి వెయిటుకి లెక్కకట్టి చేసినవే. ఏదో ఒకనాడు మూత ఇంటి కప్పుకి తగులుతుంది! కారూ అంతే. ఇంజను బలం పెంచారు సరే, బ్రేకులు, క్లచ్చి, గేరు బాక్సు పాతవే కదా? చదును రోడ్డు మీద పరవాలేదనిపించిన బండి, అనంతగిరి ఘాటు దిగుతున్నప్పుడు బ్రేకులు వేడెక్కి మాట వినకపోతే ఏమిటి గతి?

అందుకే కంపెనీలు రకరకాల తాళాలు వేస్తున్నాయి. 2007లో జపాను మార్కెట్లోకి వచ్చిన నిస్సాన్ జి.టి.ఆర్. అనే కారు సంగతి చెబుతాను. అక్కడ అమ్మే ఆ కారు గంటకి 180 కిలోమీటర్లు దాటకుండా కట్టడి చేశారు. కారు పందేల మైదానంలో ఉందని ఉపగ్రహం ద్వారా తెలిస్తేనే ఆ కట్టడి సడలించుకోవడానికి వీలవుతుంది. పిల్లవాణ్ణి మైదానంలో పరుగెత్తనిచ్చి, వీధిలోకి రాగానే చెయ్యి పట్టుకున్నట్టన్నమాట. ఇది మంచి కట్టడే అనిపిస్తుంది.

కొన్ని కట్టడులు పరువు కోసం. కెనడా దేశపు సంగీతకారుడు డెడ్‌మౌస్ తన ఫెరారీ కారుకి ఇంద్రధనుస్సు, పిల్లి బొమ్మల స్టిక్కరు అంటించి, ఫెరారీ అన్న పేరుని "పరారీ" అని మార్చాడు. ఇంగ్లీషులో పిల్లి గురగురని "పర్" అంటారు లెండి. మన తెలుగులో అయితే కారు నిజంగానే పారిపోయిందనుకుంటాం! 2014లో కంపెనీ వకీళ్ళు ఆయనకి నోటీసు పంపారు. ఆయన ఆ స్టిక్కరు తీయించేశాడు. లక్షల డాలర్ల కారు కొన్నవాడికే ఆ మర్యాద. ఇందులో ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు, ఉన్నదల్లా కంపెనీ పేరు ప్రతిష్ఠల గొడవే.

అమెరికాలో ఈ తగువు ఇంకో మలుపు తిరిగింది. "కారు మీదే కావచ్చు, దానిలోని కంప్యూటరు ప్రోగ్రాము మాది. దాని తాళం తీస్తే కాపీరైటు చట్టం ఒప్పుకోదు" అని కంపెనీలు వాదించాయి. జనరల్ మోటార్స్ వాళ్ళూ, ట్రాక్టర్లు చేసే జాన్ డీర్ వాళ్ళూ కూడా ఆ పక్షమే. చివరికి 2015లో అక్కడి ప్రభుత్వం సొంతదారు పక్షాన ఒక మినహాయింపు ఇచ్చింది. తన బండిని బాగు చేసుకోవడానికి, చట్టానికి లోబడి మార్చుకోవడానికి ఆ తాళం తీసుకోవచ్చునంది. "చట్టానికి లోబడి" అన్న మాట గుర్తుంచుకోండి.

ఇక మన దేశం సంగతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ఉంది. తయారుచేసిన కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకీ, ఆర్.సి.లో ఉన్న వివరాలకీ తేడా వచ్చేటట్టు సొంతదారు బండిని మార్చకూడదు అన్నది దాని సారాంశం. కేరళ నుంచి వెళ్ళిన ఒక కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. రంగు మార్చుకోవడం, చిన్న చిన్న అమరికలు పరవాలేదంది. రంగు మారిస్తే మాత్రం ఆర్.సి.లో రాయించుకోవాలి. గ్యాసు కిట్టు, బ్యాటరీ కిట్టు ఆమోదించినవైతే నిబంధనల ప్రకారం పెట్టించుకోవచ్చు. వికలాంగులు తమకి వీలుగా బండి మార్పించుకోవడానికి కూడా చట్టం దారి ఇచ్చింది. చట్టం మరీ గుడ్డిది కాదన్నమాట.

అదే 2019లో జరిమానాలు పెరిగాయి. అనుమతి లేని మార్పు చేయిస్తే ఒక్కొక్క మార్పుకి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని పడవచ్చు. చప్పుడు, పొగ నియమాలు దాటితే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, ఆ పైన లైసెన్సుకి మూడు నెలలు సెలవు. పొగ గొట్టంలో విషవాయువుల్ని శుద్ధి చేసే భాగం ఒకటి ఉంటుంది. మోత కోసం, వేగం కోసం దాన్ని తీసేసే వాళ్ళున్నారు. ఆ పొగ పీల్చేది బండి వాడు కాదు, వెనక బడికి నడిచి వెళ్ళే పిల్లలు.

అయితే కంపెనీలు చెప్పేదంతా వేదవాక్కు కాదండీ. మార్చడం వేరు, బాగు చేయించుకోవడం వేరు. ఈ రెండింటినీ ఒకే మూటలో కట్టి, "మా షెడ్డులో తప్ప ఎక్కడా చెయ్యి వేయించకూడదు, వేయిస్తే గ్యారంటీ పోతుంది" అనడం పెత్తనమే. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా సరిగ్గా ఈ విషయం మీదే 14 కార్ల కంపెనీలకి సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలూ, లోపం కనిపెట్టే పరికరాలూ బయటి మెకానిక్కులకి దొరకకుండా చేశారన్నది అభియోగం. బయట బాగు చేయించినంత మాత్రాన గ్యారంటీ మొత్తం రద్దు చెయ్యకూడదు, ఆ రిపేరు వల్లనే చెడితే ఆ మేరకు కాదనవచ్చు అని కమిషన్ చెప్పింది. కంపెనీలు అప్పీలుకి వెళ్ళాయి. కానీ అందులోని న్యాయం మనం గ్రహించాలి. కుక్కరు రబ్బరు పక్క షాపులో కొన్నంత మాత్రాన గిన్నెకి ఇచ్చిన గ్యారంటీ ఎందుకు పోవాలి?

మరి మనం ఏం చెయ్యాలి? కుర్రాడు "అమ్మా, చిన్న మార్పు" అంటూ డబ్బు అడిగినప్పుడు కోప్పడకండి. నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ మార్పు ఆర్.సి.లో రాయించాలా? గ్యారంటీ పుస్తకంలో దీని గురించి ఏం రాసి ఉంది? ఇన్సూరెన్సు కంపెనీకి ఉత్తరం రాశావా? షాపు వాడు రసీదు ఇస్తాడా? రసీదు ఇవ్వనన్నాడంటే అందులోనే జవాబు ఉంది.

ఇన్సూరెన్సు సంగతి మరీ ముఖ్యం. తర్వాత అమర్చుకున్న వస్తువులకీ, గ్యాసు కిట్టుకీ కొంత అదనపు ప్రీమియం కడితే పాలసీలో చేర్చుకుంటారు. చెప్పకుండా ఇంజనో, చక్రాలో మార్చి, రేపు ప్రమాదం జరిగితే, సర్వేయరు వచ్చి చూసి "ఇది మేము బీమా చేసిన బండి కాదు" అన్నాడంటే ఏం చేస్తాం? బండి పోయె, డబ్బు రాదాయె, వాయిదాలు మాత్రం మిగులుతాయి.

వేగపు కార్లు లేని ఇళ్ళలోనూ రెండు సంగతులు చూసుకోవాలి. కారు ముందు అందానికి బిగించే ఇనుప గార్డు ఉంటుంది చూశారూ, దాని మీద చర్య తీసుకోమని 2017 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకి రాసింది. గుద్దుకున్నప్పుడు ఆ ఇనుము దెబ్బని దారి మళ్ళిస్తే లోపలి ఎయిర్ బ్యాగు సమయానికి విచ్చుకోకపోవచ్చు. నడిచే మనిషికి తగిలితే గాయం మరీ పెద్దది. రెండోది సీటు కవర్లు. కొన్ని కార్లలో ఎయిర్ బ్యాగు సీటు పక్కనే దాగి ఉంటుంది. మనం మురిసిపోయి బిగుతుగా కుట్టించిన కవరు దాన్ని అక్కడే అదిమేస్తుంది. కవరు కొనేముందు కారు పుస్తకంలో ఆ పేజీ చూడండి.

కంపెనీ గాని, షెడ్డు వాళ్ళు గాని అన్యాయంగా గ్యారంటీ కాదంటే ఊరుకోకండి. "కారణం కాగితం మీద రాసివ్వండి" అని అడగండి. 1915కి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం పలుకుతుంది. జిల్లా వినియోగదారుల కమిషన్ ఉండనే ఉంది.

కారు మనదే, కాదనము. కానీ అది పరుగెత్తే రోడ్డు పదిమందిది, పీల్చే గాలి పదిమందిది. ఆ పదిమంది కోసం పెట్టిన కట్టడికి తల వంచుదాం. కంపెనీ తన లాభం కోసం పెట్టిన కట్టడి అయితే ఎందుకని నిలదీసి అడుగుదాం. ఏది ఏదో తెలుసుకోవడానికి ఇంజనీరింగు చదవనక్కర్లేదు. ఇల్లు నడిపే తెలివి చాలు.