లక్నవరం దీవులకు పడవలో

సముద్రపు దీవుల మధ్య పడవను కిరాయికి తీసుకొని రోజుల తరబడి తిరిగేవారి సంగతులు చదువుతుంటాము. మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి కుటుంబాలకు అంత దూరం అక్కరలేదు. గోవిందరావుపేట దగ్గర లక్నవరం ఉన్నది. కాకతీయుల కాలంలో కొండల సందులను చిన్న కట్టలతో మూసి నీరు నిలిపారు. మునగని గుట్టలే నేటి దీవులు.

జనగామ వారు వరంగల్, ములుగు మీదుగా, మహబూబాబాద్ వారు నర్సంపేట, మల్లంపల్లి మీదుగా రావచ్చు. భూపాలపల్లి వారికి దారిలో రామప్ప కూడా కలిసి వస్తుంది. వానలు వెలిసిన తరువాత వెళ్తే మంచిది. ఎండాకాలానికి నీరు పొలాలకు పోయి చెరువు తగ్గుతుంది.

పులిహోర ఎవరు తేవాలి, బస్సు కిరాయి ఎంత అని రెండు వారాలు మాట్లాడుకుంటాము గాని, లైఫ్ జాకెట్ల సంగతి ఎవరమూ అడగము. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో, కచ్చులూరు వద్ద వరద గోదావరిలో పడవ మునిగింది. అందులో 70 మందికి పైగా ఉన్నారు. 26 మందే బయటపడ్డారు. కాజీపేట పక్కనున్న కడిపికొండ వారూ ఆ పడవ ఎక్కారు. ఇది చెరువే కదా అనుకోవద్దు. పిల్లల కొలత జాకెట్లు ఎన్ని ఉన్నాయో బయలుదేరక ముందే కనుక్కోండి. పెద్దల జాకెట్ చిన్నపిల్లల ఒంటి నుండి జారిపోతుంది. పడవలో ఎందరు పట్టేదీ అడిగి, మిగిలినవారు రెండవసారి ఎక్కండి. గాలి లేస్తే, డబ్బు కట్టాము కదా అని పడవ నడిపే అతనిని బలవంతపెట్టవద్దు. ఉక్కపోస్తున్నదని తాతలు మధ్యలో జాకెట్ విప్పబోతారు. ఆ కాపలా మనుమరాళ్లకు అప్పగించండి, వాళ్ల మాటైతే వింటారు.