టేపరు ఎందుకు బిగియును?

స్టీలు గ్లాసులను ఒకదానిలో ఒకటి దూర్చిపెట్టినప్పుడు మరునాటికి రెండును విడిరాక మొరాయించుట అందరును ఎరిగినదే. లోపలి గ్లాసులో చన్నీళ్ళు పోసి, వెలుపలి గ్లాసును వేడినీళ్ళలో నుంచినచో సులభముగా ఊడివచ్చును. యంత్రశాలలో మిల్లింగు యంత్రమువద్ద ఎదురగు చిక్కు కూడ ఇట్టిదే.

ఈ యంత్రములో పండ్లుగల కట్టరు గిరగిర తిరుగుచు లోహమును చెక్కును. కట్టరును పట్టియుంచు హోల్డరు పైభాగము శంకువువలె సన్నగిలియుండును. దీనినే టేపరు అందురు. యంత్రపు కదురైన స్పిండిలులో అదే ఆకారపు రంధ్రముండును. పైనుండి వచ్చు డ్రాబారు అను పొడవాటి మర హోల్డరును లోనికి లాగి బిగించును. డ్రాబారును వదులుచేసినను ఒక్కొక్కప్పుడు హోల్డరు దిగిరాదు. ఎందుచేత?

ఒక ఉక్కు పలకకు కొంచెము నూనె రాచి, దానిపై ఉక్కుముక్క నుంచి, పలకను మెల్లగా ఎత్తుడు. ఒక వాలువద్ద ముక్క జారును. అదియే ఘర్షణ కోణము. ఇట్టి ఉక్కునకు ఇంచుమించు 6 మొదలు 8½ డిగ్రీలు. టేపరు పక్కవాలు ఇంతకంటె తక్కువైనచో అది తనంతట జారిరాదు. డ్రిల్లులకు వాడు మోర్సు టేపరు పక్కవాలు సుమారు ఒకటిన్నర డిగ్రీ మాత్రమే. అందుచేతనే దానిని స్పిండిలు గాడిలో ఇనుపచీల దూర్చి కొట్టి ఊడదీయుదురు. మిల్లింగు యంత్రములలో తరచు కనబడు టేపరు 24 వంతుల పొడవునకు 7 వంతుల వ్యాసము తగ్గును, పక్కవాలు 8.3 డిగ్రీలు. ఇది సరిగా సరిహద్దున నున్నది! మామూలుగా వదలును గాని, నూనె ఆరి తుప్పు తగిలినచో పట్టు విడువదు.

దీనికి వేడిమి తోడగును. గంటలకొలది తిరిగిన స్పిండిలు వ్యాకోచించియుండును. అందులో చల్లని హోల్డరును బిగించి యంత్రము నాపి ఇంటికి పోయినచో, తెల్లవారుసరికి స్పిండిలు చల్లారి దానిని నొక్కిపట్టును. ఉక్కు డిగ్రీ సెంటిగ్రేడుకు లక్షకు 1.2 వంతు పెరుగును. 40 మిల్లీమీటర్ల వ్యాసమునకు 30 డిగ్రీల తేడాతో కలుగు మార్పు 0.014 మిల్లీమీటరు. కంటికి కనబడనిదే, కాని ఉక్కు సులభముగా నలుగునది కాదు గదా!

ఊడదీయునప్పుడు ముందుగా విద్యుత్తును ఆపవలెను. కట్టరుకు మందపు గుడ్డచుట్టి, క్రింద చెక్కదిమ్మ నుంచవలెను. డ్రాబారును రెండు మూడు చుట్లు మాత్రమే విప్పి, తలపై ఇత్తడిసుత్తితో నిటారుగా ఒక్క దెబ్బ కొట్టవలెను. ఎక్కువ విప్పినచో దెబ్బ యంతయు చివరి మరచుట్లపై పడి అవి చెడును. రానిచో డ్రాబారును తిరిగి బిగించి, యంత్రమును కొంతసేపు వట్టిగా తిప్పి స్పిండిలును వేడెక్కనిచ్చి ఆపవలెను. పిదప మంచుముక్కల సంచిని హోల్డరుకు చుట్టి, డ్రాబారును వదులుచేసి మరల ప్రయత్నింపవచ్చును. ఇది గ్లాసుల ఉపాయమే.

నేను చూచిన ఒక కార్ఖానాలో తొందరపాటున సమ్మెటతో పక్కనుండి మోదిరి. హోల్డరు వచ్చినది, స్పిండిలు మాత్రము ఆనాటినుండి గరగరలాడినది. బేరింగులలోని గుండ్లు తమ దారిలో గుంటలు పడవేసినవి. కొన్ని యంత్రములలో డ్రాబారుకు పైన ఒక పట్టీ అమర్చియుండును. విప్పుచున్నకొలది డ్రాబారు దానికి ఆని హోల్డరును తానే క్రిందికి నెట్టును. సుత్తితో పనియే లేదు. ఆ సౌకర్యము లేనిచోట, పనిముగించి వెళ్ళునప్పుడు డ్రాబారును వదులుచేసి హోల్డరును దింపి, టేపరును తుడిచి పలుచగా నూనె రాచిపెట్టుదురు.